ముక్కు ఆపరేషన్ గురించి దొడ్డమ్మ ఉత్తరం

మహారాణిపేట,
విశాఖపట్నం

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. ఫోన్ చేసి మాట్లాడొచ్చు కానీ, ఇలాంటి సంగతి రాసి పెడితే నువ్వు తీరిగ్గా మళ్లీ చదువుకుంటావు, కావాలంటే మీ అమ్మకి కూడా చూపిస్తావు. అందుకని రాస్తున్నాను.

ముక్కు మీది బుడిపె తీయించి సరిచేయించుకోవాలని అనిపించడం సోకా, లేక అందులో న్యాయం ఉందా అని అడిగావు. మీ నాన్న "సోకులు ముదిరాయి" అన్నారని, మీ అమ్మ "దేవుడిచ్చిన ముఖం" అని కళ్లనీళ్లు పెట్టుకుందని రాశావు. నర్సుగా నా ఉద్యోగం అంతా ఇక్కడి కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, అదే కేజీహెచ్‌లో గడిచింది. అందులో ఎక్కువ కాలం ప్లాస్టిక్ సర్జరీ వార్డులో, ఆపరేషన్ థియేటర్‌లో పనిచేశాను. అక్కడ చూసినదాన్ని బట్టే చెప్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. ముఖంలో ఒకటి మార్చుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. నీకోసమైతే చేయించుకో, నేను పక్కనే ఉంటాను. మొన్న చూసి వెళ్లిన ఆ సంబంధం వాళ్ల కోసమైతే మాత్రం వద్దు.

మీ నాన్నలాంటి వాళ్లు కూడా ఒప్పుకునే ప్లాస్టిక్ సర్జరీ ఒకటుంది. కాలిన ఒంటికి, ప్రమాదంలో చితికిన ముఖానికి, గ్రహణం మొర్రికి చేసేది. దాన్ని ఎవరూ సోకు అనరు. పాడేరు వైపు నుంచి, శ్రీకాకుళం నుంచి మొర్రి పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవారు. బిడ్డ ముఖం మీద కొంగు కప్పి ఉండేది. గ్రహణం నాడు బయట తిరిగావని ఇంట్లో వాళ్లు అన్న మాటలు పడి పడి ఆ తల్లి తలెత్తేది కాదు. గ్రహణానికీ దానికీ ఏ సంబంధం లేదు. కడుపులో మొదటి రెండు నెలల్లోనే పై పెదవి భాగాలు వచ్చి కలుసుకోవాలి, కలవకపోతే చీలిక మిగిలిపోతుంది. బిడ్డకి 10 వారాలు నిండి, 10 పౌండ్ల బరువు, 10 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటే పెదవి కుట్టొచ్చని మాకు నేర్పించారు. మాటకి ముఖ్యమైనది అంగిలి, అది కూడా చీలి ఉంటే తర్వాత వేరే ఆపరేషన్‌లో మూస్తారు. ఇవన్నీ వివరంగా చెప్తే ఆ తల్లులు తలూపి, చివరికి అడిగేది ఒకటే: "మచ్చ కనబడుతుందా సిస్టర్?" అని. ఆ ప్రశ్నని సోకు అనడానికి నాకు నోరు రాదు.

కిరోసిన్ స్టవ్ అంటుకుని కాలిన ఆడపిల్లలు చాలామంది వచ్చేవారు. కాలిన చర్మం మానేటప్పుడు ముడుచుకుపోయి గడ్డం ఛాతీకి అతుక్కుపోయేది. దాన్ని కోసి, తొడ మీద చర్మం తీసి అతికితే మెడ తిరిగేది. అలా మెడ తిరిగిన ఒక అమ్మాయి కొన్నాళ్లకి మళ్లీ వచ్చి చెంప మీద మచ్చకి ఏమైనా చేస్తారా అని అడిగింది. పక్క మంచం ఆవిడ "ప్రాణం దక్కింది, అది చాలదా" అంది. నాకు ఒళ్లు మండింది. చాలదు. ఆ పిల్ల బస్సెక్కాలి, పనికి వెళ్లాలి, నలుగురి ముందు నిలబడి మాట్లాడాలి. మెడ అవసరం, చెంప సోకు అని నేను విడదీయలేకపోయాను, ఇప్పటికీ విడదీయలేను.

ఇదంతా విదేశాల పిచ్చి అని కూడా మీ నాన్న అన్నారట కదా. ముక్కు ఆపరేషన్ పుట్టింది మన దేశంలోనే అని చెప్పు. తెగిన ముక్కుకి చెంప చర్మంతో మళ్లీ ముక్కు చేసే పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉంది. 1792లో టిప్పు సుల్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు ఇంగ్లీషు వాళ్ల సైన్యంలో ఎడ్లబండి తోలే కావస్‌జీ అనే అతను పట్టుబడ్డాడు. అతని ముక్కు కోసేశారు, ఒక చెయ్యి నరికేశారు. తర్వాత పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన అతని నుదుటి చర్మం తిప్పి కొత్త ముక్కు చేశాడు. 1794లో ఆ సంగతి బొమ్మతో సహా లండన్ పత్రికలో వచ్చింది. అది చదివిన కార్ప్యూ అనే డాక్టర్ శవాల మీద సాధన చేసి, 1814లో అక్కడ అలాంటి ఆపరేషన్ చేశాడు. నుదుటి చర్మంతో ముక్కు చేసే పద్ధతిని ఈ రోజుకీ ఇండియన్ ఫ్లాప్ అంటారు, మా థియేటర్‌లో కూడా అదే మాట. ఇప్పుడు ఆలోచించు. ముక్కు తెగినా ఊపిరి ఆడుతుంది, మనిషి బతుకుతాడు. మత్తు లేని ఆ రోజుల్లో కావస్‌జీ నుదురు కోయించుకునేదాకా వెళ్లాడంటే, మనుషుల మధ్య తలెత్తుకుని తిరగడం కోసమే కదా.

ఏది అవసరం, ఏది సోకు అని గీత గీయాల్సిన పని ఇన్సూరెన్స్ వాళ్లకి ఉంది, ప్రభుత్వానికి ఉంది. కాలిన గాయాల తర్వాత, మొర్రికి చేసే ఆపరేషన్లు ఒకప్పటి ఆరోగ్యశ్రీలో, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో ఉన్నాయి. అందం కోసం చేసేదానికి హెల్త్ ఇన్సూరెన్స్ డబ్బు ఇవ్వదు. ప్రమాదం, కాలడం, కేన్సర్ తర్వాత సరిచేసేదైతే, లేక వైద్యానికి అవసరమని డాక్టర్ రాస్తే ఇస్తుంది. ఎవరి డబ్బు ఎవరికి ముందు ఖర్చుపెట్టాలి అన్న లెక్క అది. అందులో నాకు అభ్యంతరం లేదు. కానీ దాంతో నీ మనసుని కొలవక్కర్లేదు.

అన్నట్టు, నీకు చిన్నప్పటి నుంచి ఎడమ ముక్కు దిబ్బడ ఉండేది కదా. లోపల దూలం వంకరగా ఉందేమో ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించు. ఉంటే దాన్ని సరిచేయడం వైద్యం కిందకి వస్తుంది, ఇన్సూరెన్స్ రావచ్చు. పైన బుడిపె తీయడానికి మాత్రం నీ డబ్బే. ఒకే మత్తులో రెండూ చేస్తారా అని అడుగు.

ఇక పెళ్లిచూపుల సంగతి. "అమ్మాయి బాగుంది, ముక్కే కొంచెం" అని ఆ సంబంధం తరపు ఆవిడ అన్న మాట నీలో దిగబడిపోయింది. నాకు తెలుసు, ఎందుకంటే అప్పటిదాకా నువ్వు ఈ ఆపరేషన్ మాటే ఎత్తలేదు. మాఘమాసంలో ముహూర్తాలు ఉన్నాయి కాబట్టి ఈలోపు అయిపోవాలని రాశావు చూడు, ఆ ఒక్క వాక్యం నాకు నచ్చలేదు. ఇవాళ ముక్కు గురించి అన్న ఇంటికి రేపు రంగు కనబడుతుంది, ఎల్లుండి కాన్పు తర్వాత వచ్చిన పొట్ట కనబడుతుంది. అన్నిటికీ ఆపరేషన్లు దొరుకుతాయి, అదే నా భయం. పైగా ముహూర్తం చూసుకుని చేయించుకునే ఆపరేషన్ కాదిది. వాపు చాలావరకు కొన్ని నెలల్లో తగ్గినా, అసలు ఆకారం కుదురుకోవడానికి ఏడాది పడుతుంది. ముక్కు కొన అన్నిటికంటే ఆలస్యం. మన వాళ్లలో చాలామందికి చర్మం మందంగా ఉంటుంది, అలాంటివాళ్లకి ఇంకా ఎక్కువ కాలం పట్టొచ్చు. ఫోన్ ఫిల్టర్‌లో కనబడే సన్నటి కొన ఆ చర్మంతో రాదు కూడా. నీ పెళ్లి ఫొటోల్లో ఉండేది వాచిన ముక్కే.

ఫోన్ మాట వచ్చింది కాబట్టి ఇదీ విను. నువ్వు నాకు పంపినవన్నీ సెల్ఫీలే. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు వెడల్పు సుమారు 30 శాతం ఎక్కువగా కనబడుతుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు. అయిదడుగుల దూరం నుంచి తీస్తే ఆ తేడా దాదాపు ఉండదు. తమ్ముణ్ణి కాస్త వెనక్కి నిలబడి ఎదురుగా, రెండు పక్కల నుంచి ఫొటోలు తీయమను. అవి చూశాక కూడా అదే బుడిపె బాధపెడుతుంటే అప్పుడు డాక్టర్ మాట.

ఆపరేషన్ వల్ల నిజంగా బాగుపడినవాళ్లని చూశాను. ఛాతీ ఆడపిల్లల్లా పెరిగిందని ఒక కుర్రాడు వచ్చాడు. రుషికొండలో స్నేహితులంతా నీళ్లలో ఉంటే తను చొక్కాతో ఒడ్డునే కూర్చునేవాడట. చాలా ఏళ్లుగా అదొక్కటే బాధ, ఇంకేమీ అడగలేదు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు బిగుతు బనియన్ వేసుకుని ఓర్చుకున్నాడు. తర్వాత డ్రెస్సింగ్‌కి వచ్చినప్పుడు నడకే మారిపోయింది. ఏం కావాలో వేలుపెట్టి చూపించగలిగినవాళ్లు, ఎవరూ గమనించకపోయినా నాకు చాలు అనుకున్నవాళ్లు, తృప్తిగా వెళ్లారు.

ఇంకో రకం వాళ్లనీ చూశాను. ఒకటి చేయించుకున్న కొన్నాళ్లకే ఇంకోటి అడుగుతారు. పక్కవాళ్లకి కనబడని లోపం వాళ్లకి రోజంతా కనబడుతుంది, అద్దం ముందు గంటలు గడిపేస్తారు, లేదా అద్దం పెట్టనే వద్దంటారు, ఫంక్షన్లకి వెళ్లడం మానేస్తారు. అది జబ్బు. మానసిక వైద్యంతో తగ్గుతుంది, కత్తితో తగ్గదు. ఆ మాట ఎత్తగానే మన ఊళ్లో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరు చెప్పి నవ్వేవాళ్లు ఉంటారు, అలా నవ్వడం పాపం. నీకు అలా ఉందని నేను అనుకోవడం లేదు. కానీ మొన్న పెద్దన్నయ్య గృహప్రవేశానికి రాలేదు కదా, ముక్కు వల్లేనా? నిజం చెప్పు, నా దగ్గర దాపరికం వద్దు.

డాక్టర్ని వెతికేటప్పుడు బోర్డు చూసి వెళ్లకు. జగదాంబ నుంచి ఎంవీపీ కాలనీ దాకా ఇప్పుడు అన్నీ మెరిసే బోర్డులే. ఎంబీబీఎస్, జనరల్ సర్జరీలో ఎంఎస్, ఆ పైన ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేక డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు) డిగ్రీ ఉండాలి. ముక్కు ఆపరేషన్లు బాగా చేసే ఈఎన్‌టీ సర్జన్లు కూడా ఉన్నారు. కొద్ది రోజుల కోర్సు చేసి గోడకి సర్టిఫికెట్ తగిలించుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. మత్తు ఇచ్చే డాక్టర్ ఎవరు, థియేటర్ ఎక్కడ, అర్ధరాత్రి రక్తం కారితే ఎవరు వస్తారు అని అడుగు. విసుక్కుంటే లేచి వచ్చేయ్. తను చేసినవాళ్ల ఫొటోల్లో ఏడాది తర్వాతవి చూపించమను, నెలకి తీసినవి లెక్కలోకి రావు. కొంతమందికి రెండోసారి చేయాల్సి వస్తుంది, అది కూడా ఏడాది ఆగాకే. ఆ ఖర్చు ఎవరిది అన్నది ముందే కాగితం మీద రాయించుకో. ఈఎంఐ పెట్టి మాత్రం చేయించుకోకు, డబ్బు కూడే లోపు నీ మనసు కూడా తేలుతుంది. ఇవాళే అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ అన్నచోట మళ్లీ అడుగుపెట్టకు.

ఆపరేషన్ వద్దు, ఇంజెక్షన్‌తో ముక్కు సరిచేస్తాం అని ఫిల్లర్ల గురించి, అంటే చర్మం కింద నింపే మందు గురించి చెప్తారు. పార్లర్‌లో కూడా పొడిచేస్తున్నారట, వింటేనే టెన్షన్‌గా ఉంది. ముక్కు చుట్టూ ఉన్న రక్తనాళంలోకి ఆ మందు వెళ్తే చర్మం చచ్చిపోవచ్చు. అరుదే అయినా చూపు పోవచ్చు. అర్హత ఉన్న డాక్టర్ తప్ప ఎవరూ నీ ముఖం మీద సూది పెట్టకూడదు.

ఆపరేషన్ అయ్యాక వారం రోజులు ముక్కు మీద స్ప్లింట్, అంటే ముక్కు కదలకుండా పట్టి ఉంచే గట్టి పట్టీ ఉంటుంది. కళ్ల చుట్టూ కమిలి నల్లబడుతుంది, తగ్గడానికి రెండు వారాలు పడుతుంది. నోటితో గాలి పీల్చాల్సి వస్తుంది, గొంతు ఎండిపోతుంది, రాత్రిళ్లు తల ఎత్తుగా పెట్టుకోవాలి. ముక్కు గట్టిగా చీదకూడదు. కళ్లజోడు ముక్కు మీద ఆనించకుండా నెలపైనే ఉండాలి, నీకు సిస్టమ్ ముందు పని కాబట్టి లెన్సుల సంగతి ముందే చూసుకో. ముక్కుపుడక ఆపరేషన్‌కి ముందే తీసేయాలి, మళ్లీ ఎప్పుడు పెట్టుకోవచ్చో డాక్టర్ని అడుగు. ఆస్పిరిన్, నొప్పి మాత్రలు, ఆయుర్వేదం మందులు ఏవైనా వాడుతుంటే దాచకుండా చెప్పు, కొన్నిటివల్ల రక్తం ఆగదు. మన ఊరి ఎండాకాలం ఉక్కలో ప్లాస్టర్ కింద చెమట పట్టి చాలా చిరాకు, కాబట్టి చలికాలంలో పెట్టుకుంటే నయం. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది చలికాలం.

మీ అమ్మ సంగతి కూడా చెప్పాలి. నీది మా అమ్మ ముక్కు. మీ అమ్మదీ అదే, నాదీ అదే. నువ్వు అద్దంలో చూసి "ఇది బాలేదు" అన్నప్పుడు మీ అమ్మకి తన ముఖాన్నీ, పోయిన తల్లి ముఖాన్నీ కలిపి అన్నట్టు వినబడింది. దేవుడి పేరు చెప్పింది కానీ దాని బాధ అది. ఆపరేషన్ వద్దంటుందని దాని మీద కోపం పెట్టుకోకు. దాని దగ్గర కూర్చుని, అమ్మమ్మ మీద ప్రేమ తక్కువై ఇది అడగడం లేదని చెప్పు. నాకైతే నువ్వు ముక్కు మార్చుకున్నంత మాత్రాన ఏ కష్టం లేదు, నువ్వు మా పిల్లవే.

ఆ సంబంధం వాళ్లకి ఏం చెప్పాలో మీ నాన్నతో నేను మాట్లాడతాను. నువ్వు ఈ లోపల ఈఎన్‌టీ దగ్గర చూపించుకుని, దూరం నుంచి తీసిన ఫొటోలు తీసుకుని ఆదివారం ఇంటికి రా. డాక్టర్‌ని కలవడానికి వెళ్లే రోజు నేనూ వస్తాను, మీ అమ్మని కూడా తీసుకెళ్దాం. దానికి అడగాల్సినవి చాలా ఉన్నాయి, అదే అడగనీ.

మీ దొడ్డమ్మ