మెడకు దెబ్బ తగిలితే థైరాయిడ్ హార్మోన్ పెరుగుతుందా?

పెరుగుతుంది. అరుదే గానీ, కారు ప్రమాదంలో సీటు బెల్టు మెడను గట్టిగా నొక్కినా, ఎవరైనా గొంతు నులిమినా, థైరాయిడ్ వెనకే ఉండే పారాథైరాయిడ్ అనే చిన్న గ్రంథుల ఆపరేషన్‌లో థైరాయిడ్‌ను అటూ ఇటూ కదిలించినా ఇలా జరగొచ్చు.

థైరాయిడ్ గ్రంథి హార్మోన్‌ను తయారుచేయడమే కాదు, వారాల తరబడి సరిపోయేంత దాచిపెడుతుంది కూడా. ఆ నిల్వ ఫాలికల్స్ అనే సన్నని సంచుల్లో ఉంటుంది. గట్టి దెబ్బకు అవి చిట్లితే టీ4, టీ3 అనే థైరాయిడ్ హార్మోన్లు ఒక్కసారిగా రక్తంలో కలుస్తాయి. గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. యాక్సిడెంట్ భయం వల్లేలే అని వదిలేసేది ఇక్కడే. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోన్) బాగా తగ్గి, టీ4 పెరిగి కనిపిస్తుంది.

అసలు తేడా వైద్యంలో. గ్రేవ్స్ జబ్బులో (థైరాయిడ్ హార్మోన్ పెరగడానికి మామూలుగా కనిపించే కారణం) గ్రంథి అదేపనిగా హార్మోన్ తయారుచేస్తుంది కాబట్టి ఆ తయారీని తగ్గించే కార్బిమజోల్ మాత్ర పనిచేస్తుంది. ఇక్కడ ఉన్న నిల్వే కారిపోతోంది, కాబట్టి ఆ మాత్రతో ఒరిగేదేమీ లేదు. థైరాయిడ్ స్కాన్‌లో గ్రంథి ఐసోటోపును (స్కాన్ కోసం ఇచ్చే కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం) చాలా తక్కువగా పీల్చుకుంటే విషయం తేలిపోతుంది. దడకు ప్రొప్రనొలాల్ లాంటి మందు ఇస్తారు (ఆస్తమా ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి). రక్తంలో టీ4 సగానికి తగ్గడానికే సుమారు 7 రోజులు పడుతుంది, అందుకే కొన్ని వారాలు ఓపిక పట్టాలి. ఆ తర్వాత కొన్నాళ్లు హార్మోన్ మరీ తగ్గిపోవచ్చు కూడా, టీఎస్‌హెచ్ మళ్లీ చేయించుకోండి.

మెడ వాపు పెరుగుతున్నా, గొంతు మారినా, ఊపిరి ఆడకపోయినా ఈ పరీక్షల కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. లోపల రక్తం చేరి శ్వాసనాళాన్ని నొక్కుతుండవచ్చు.