పొలంలో దొరికిన నాణేలు

ప్రశ్న: పొలం దున్నుతుండగా పాత సీసపు నాణేలు నాలుగు బయటపడ్డాయి. మెటల్ డిటెక్టర్ కొని మిగిలినవి వెతకవచ్చునా?
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: సీసపు నాణేలనగానే శాతవాహనులు గుర్తుకు వస్తారు గాని, చూడకుండా అవి వారివేనని చెప్పడం తొందరపాటు. ముందుగా, వాటిని చింతపండుతో తోమకండి; పైపొరతోపాటు అక్షరాలు, గుర్తులు కూడా చెరిగిపోతాయి.

1878 నాటి భారత నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ 10 రూపాయలు (అది ఆనాటి లెక్క!) దాటితే, దొరికినవారు ఆ సంగతిని కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే వాటా పోవడమే కాక ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ప్రభుత్వం వాటిని తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లిస్తుంది. సీసం విషయంలో అది పెద్ద మొత్తమేమీ కాదు.

ఇక డిటెక్టరు సంగతి. తీగచుట్టలో మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం లోహంలో విద్యుత్తును రేపడం వల్ల అది మోగుతుంది. విరిగిన కర్రుకూ, పాత మేకుకూ కూడా మోగుతుంది. మోగినచోటల్లా తవ్వితే, ఏ లోతున ఏ కుండపెంకుల పక్కన నాణెం ఉందన్న ఆధారం చెదిరిపోతుంది. దాని కాలాన్ని నిర్ణయించేందుకు పురావస్తు శాఖవారికి ముఖ్యంగా కావలసినది అదే. కాబట్టి డిటెక్టరు కొనకుండా, నాణేలు దొరికినచోట గుర్తు పెట్టి కబురు చేయండి.