అన్నా, మినియాపొలిస్‌కు ఏ జాకెట్ కొనాలి?

హన్మకొండ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: ఆగస్టులో అమెరికాలోని మినియాపొలిస్ వస్తున్నాడట, చలికి ఏ జాకెట్ కొనాలి, వీకెండ్‌లో అడవులకు, చెరువుల దగ్గరికి పోవచ్చా అని.

పోవచ్చు తమ్ముడూ. జాకెట్ మాత్రం హన్మకొండలో కొనకు. 2006 జనవరిలో వచ్చేటప్పుడు నేను నేపాలీ వాళ్ల దగ్గర రెండు స్వెటర్లు కొనుక్కొని, ఇంకేం కావాలి అనుకున్నా. మన దగ్గర 12 డిగ్రీలకే మంట వేసుకొని కూర్చుంటాం. మైనస్ 20 ఏమిటో ఎట్లా తెలుస్తుంది?

రెండో శనివారానికి బియ్యం అయిపోయాయి. కారు లేదు. దుకాణం రెండు మైళ్లు. హన్మకొండ నుంచి కాజీపేట దాకా నడిచినవాణ్ని, ఇదో లెక్కా అని జీన్స్, కాటన్ బనియన్, ఆ రెండు స్వెటర్లతో బయల్దేరా. అమ్మ పెట్టిన మంకీ క్యాప్ నలుగురూ నవ్వుతారని సూట్‌కేసులోనే వదిలేశా. పోయేటప్పుడు గబగబా నడిచి చెమట పట్టించుకున్నా. వచ్చేటప్పుడు ఆ తడి బనియనే కొంప ముంచింది. కాటన్ తడిస్తే వేడిని నిలపదు, స్వెటర్ గాలిని ఆపదు. సగం దారిలో ఫోన్ చలికి ఆగిపోయింది. ఇంటి ముందుకొచ్చాక తాళంచెవి చేతిలో ఉందో లేదో కూడా తెలియలేదు. లోపలికి పోయి వేడినీళ్ల కింద చేతులు పెట్టా. అదీ తప్పే. మొద్దుబారిన చర్మానికి కాలుతున్నది తెలియదు. గోరువెచ్చని నీళ్లు వాడాలి, రుద్దకూడదు.

వేళ్లు దక్కాయి. కానీ ఆ రాత్రి నిద్ర పట్టనిది చలికి కాదు. రూమ్మేట్ ఊళ్లో లేడు. దారిలో పడిపోయి ఉంటే సోమవారం దాకా నా సంగతి ఎవరికీ తెలిసేది కాదు. మన వాడలో గేటు తీస్తే చాలు, "ఏడికి వోతున్నవ్ రా" అని నలుగురు అడుగుతారు. ఎంత విసుక్కునేవాణ్నో!

అయినా బుద్ధి రాలేదు. మార్చిలో గడ్డకట్టిన చెరువు మీద ఒక్కణ్నే నడిచా. అడుగుల గుర్తులు కనిపిస్తే నలుగురు నడిచిన దారే కదా అనుకున్నా. అవి ఎన్నాళ్ల కిందటివో! ఒక కాలు మోకాలి దాకా దిగిపోయింది. కట్ట దగ్గర కాబట్టి బతికిపోయా. అలుగు పారేటప్పుడు, తూము దగ్గర దిగొద్దని మనకు చిన్నప్పుడే చెప్తారు, కానీ ఐసు గురించి చెప్పేవాళ్లు ఎవరున్నారు? లెక్క ఇది: గట్టిగా, తేటగా ఉన్న ఐసు కనీసం 4 అంగుళాలు మందం ఉండాలి, తెల్లగా ఉన్నదైతే దానికి రెట్టింపు. నీళ్లు వచ్చి పోయే చోట ఐసు పలుచన, అచ్చం మన తూము లాంటిదే. మార్చిలో అసలు ఎక్కకు.

బట్టలు మూడు పొరలు: ఒంటికి ఉన్ని లేక సింథటిక్, పైన ఫ్లీస్ అనే మెత్తటి నూగు బట్ట, ఆ పైన గాలి ఆపేది. మంచులో కారు ఇరుక్కుంటే ఇంజిన్ వేసే ముందు పొగగొట్టం చుట్టూ మంచు తీసెయ్, లేకపోతే విషవాయువు లోపలికొస్తుంది. చేపల లైసెన్సు, పార్కుల పర్మిట్లు ఆన్‌లైన్‌లో చూసుకో, చదువుకున్నోడివే కదా.

ఎండాకాలం సుఖమనుకుంటారు మనోళ్లు. గడ్డిలో గోమార్లు (రక్తం తాగే చిన్న పురుగులు, ఇక్కడ టిక్స్ అంటారు) ఉంటాయి, కుట్టి లైమ్ అనే బ్యాక్టీరియా జబ్బు అంటిస్తాయి. ప్యాంటు సాక్సులోకి దోపుకో, ఇంటికొచ్చాక ఒళ్లంతా చూసుకో. వీపు ఎవరు చూస్తారు? దానికీ ఒక మనిషి కావాలి. ఉరుము వినపడితే ఇంట్లోకి రా, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి పోకు.

ఇప్పుడు నేను మైనస్ 20లోనూ రోజూ అరగంట నడుస్తా, మా పిల్లలే చలని మూలుగుతారు. కానీ ఏ దారిన పోతున్నానో ఫ్రిజ్ మీద రాయకుండా గడప దాటను. నువ్వు దిగాక శనివారం పొద్దున నేనే అడుగుతా, "ఏడికి వోతున్నవ్" అని. విసుక్కోకు. ఏ చెరువు, ఎవరితో, ఎన్నింటికి వాపసు, మూడూ రాసి పంపు.