నాయనకు ఏ ఉద్యోగమని చెప్పను?

ప్రశ్న: నా వయసు 25. మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట పక్కన పల్లె. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి నెల్లూరులో ఒక హోటల్లో ఫ్రంట్ ఆఫీసులో చేస్తున్నా. ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా లాటరీలో నా పేరు తగిలింది, వీసా కూడా వచ్చేసింది. అక్కడ మంచు కొండల మీద ఉండే ఒక స్కీ రిసార్టు వాళ్ళు జూన్ నుంచి అక్టోబరు మొదటి వారం దాకా పని ఇస్తామని మెయిల్ పెట్టారు. పని హౌస్‌కీపింగ్. అంటే గదులు కడగడం, పక్కలు మార్చడం. ఇంట్లో మాత్రం ఫ్రంట్ ఆఫీసని చెప్పాను. అమ్మకు నిజం తెలుసు. ఖాతాలో చూపించాల్సిన డబ్బు కోసం తన గాజులు బ్యాంకులో పెట్టింది. అది నాయనకు తెలియదు. నాయనకు రొయ్యల గుంటలున్నాయి, వరసగా రెండు పంటలు దెబ్బతిన్నాయి. మా మేనత్త కువైట్‌కి ఇంటిపనికి పోయి నానా బాధలు పడి తిరిగొచ్చింది. అప్పట్నుంచి "మనింటి ఆడపిల్ల ఇంకోసారి పాచిపనికి దేశం దాటకూడదు" అంటాడు నాయన. పని సంగతి తెలిసి అన్న అయితే "పక్కలు సర్దేదానికేనా నిన్ను డిగ్రీ చదివించింది?" అన్నాడు. ఒక సంబంధం కూడా అనుకున్నారు. నేను పుట్టాక మంచు చూసింది లేదు. ఎట్టా సిద్ధం కావాల? ఇంట్లో ఎట్టా చెప్పాల? పేరు వేయొద్దు.

జవాబు: సూట్‌కేసు సంగతి తర్వాత చూద్దాం. మీరు ముందు సర్దుకోవాల్సింది ఇంట్లో ఆడిన అబద్ధం. ఇప్పుడది చిన్నదే. జూలైలో ఒకరోజు వీడియో కాల్‌లో మీ వెనక దుప్పట్ల బండి కనబడితే అదే పెద్దదవుతుంది. అప్పుడు మీ నాయన మిమ్మల్ని ఒక్క మాటే అడుగుతాడు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి మీ అమ్మను అడుగుతూనే ఉంటాడు. గాజుల సంగతి కూడా అందులో కలుస్తుంది. మీరు నాలుగు నెలల పాటు వెళ్ళిపోతారు. ఆ ఇంట్లో మిగిలేది ఆమె.

మీ నాయనకు పని తక్కువదని బాధ అని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. రోజూ మోకాలి లోతు బురదలో దిగి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చెక్‌ట్రే ఎత్తి చూసుకునే మనిషికి చేత్తో చేసే పని అంటే చిన్నచూపు ఉండదు. ఆయన భయం మేనత్తది. పాస్‌పోర్టు యజమాని బీరువాలో, జీతం యజమాని ఇష్టం, మానేద్దామంటే వీసా కూడా ఆ యజమాని పేరు మీదే. ఆయన చూసిన పరాయి దేశం అది. అందుకే 'ఆస్ట్రేలియా కువైట్ కాదు నాయనా' అంటే చాలదు, ఎందుకు కాదో కాగితాలు పరిచి చూపించాలి.

మీ వీసా ఏ యజమానికీ ముడిపెట్టింది కాదు. అక్కడ బాగాలేకపోతే మానేసి ఇంకోచోట చేరొచ్చు. పైగా ఒకే యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలకు మించి చేయకూడదన్నది ఆ వీసా షరతు. పాస్‌పోర్టు మీ సంచిలోనే ఉంటుంది. దాచిపెడతాం ఇమ్మని ఎవరడిగినా ఇవ్వక్కర్లేదు. జీతం మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది, ప్రతిసారీ ఎన్ని గంటలు, ఎంత రేటు, ఎంత పట్టుకున్నారు అన్న చీటీ ఇచ్చి తీరాలి. లెక్క తేడా వస్తే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది, ఫోను 13 13 94. ఆ నంబరు మీ నాయన ఫోనులో కూడా వేసి పెట్టండి. ఆయన చేసేదేం ఉండదు గానీ, అడిగే దిక్కొకటి ఉందని తెలియడం ఆ మనిషికి అవసరం.

ఇది చదివే మిగతావాళ్ళకు ఒక మాట. ఈ వీసా భారతీయులకు 2024లో మొదలైంది. ఏడాదికి 1000 మందికే, 18 నుంచి 30 ఏళ్ళ వయసు వాళ్ళకే, లాటరీ పద్ధతిలో ఇస్తారు. లాటరీలో పేరు వేసుకోవడానికి రుసుము 25 ఆస్ట్రేలియా డాలర్లు. దీన్ని ఖాయంగా ఇప్పిస్తానని లక్షలడిగేవాడి దగ్గర అమ్మడానికేమీ లేదు.

ఇక డబ్బు. మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, గంటకు ఇన్ని డాలర్లు, రూపాయల్లో ఇంత అని ఈపాటికి గుణించే ఉంటారు. 2025 జూలై లెక్క ప్రకారం అక్కడ జాతీయ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. క్యాజువల్‌గా, అంటే ఖాయం గంటలూ సెలవు జీతమూ లేకుండా, తీసుకుంటే దాని మీద ఇంకో 25 శాతం కలుస్తుంది. వినడానికి బాగుంటుంది. అసలు సంగతి ఎన్ని గంటలు ఇస్తారన్న దగ్గర ఉంది. జూన్ అక్కడ చలికాలం. స్కీ సీజన్ జూన్ రెండో సోమవారం సెలవుతో కలిసిన వారాంతంలో మొదలవుతుంది. రిసార్టు తలుపులు ఆ రోజు తెరుచుకుంటాయి, మంచు మాత్రం ఆ రోజే పడాలని లేదు. చాలాసార్లు యంత్రాలతో చేసిన మంచు మీదే మొదటి రోజులు నడుస్తాయి. మంచు లేకపోతే అతిథులు రారు, అతిథులు రాకపోతే మీకు గంటలుండవు. గది అద్దె మాత్రం వారం వారం కోసుకుంటారు. మెట్ట రైతు వాన కోసం చూసినట్టే అక్కడ అందరూ జూన్‌లో ఆకాశం వంక చూస్తారు. ఈ ముక్క చెబితే మీ నాయనకు మీ ఉద్యోగం మీకంటే బాగా అర్థమవుతుంది.

అందుకని ఒప్పుకునే ముందే రిసార్టుకు మెయిల్ రాయండి: నన్ను తీసుకునేది సీజనల్‌గానా, క్యాజువల్‌గానా? వారానికి కనీసం ఇన్ని గంటలని హామీ ఉందా? స్టాఫ్ గదికి వారానికెంత, అడ్వాన్సెంత, గదికి ఎంతమంది? స్కీ రిసార్టు ఉద్యోగులకే ప్రత్యేకంగా ఆల్పైన్ రిసార్ట్స్ అవార్డు అని వేతన నిబంధనలున్నాయి, మీకు అవే వర్తిస్తాయా? ఇవన్నీ మామూలుగా అడిగేవే, అడిగితే తప్పు పట్టుకోరు. గాజుల మీద తెచ్చిన 5,000 డాలర్లు వీసా వాళ్ళకు చూపించడానికి మాత్రమే అనుకోకండి. జూన్ గడవడానికి అవే దిక్కు. దిగిన వెంటనే పన్ను నంబరుకు దరఖాస్తు పెట్టుకోండి, అది ఉచితం. పన్ను శాఖలో నమోదైన యజమాని దగ్గరైతే మీ వీసా వాళ్ళకు మొదటి 45,000 డాలర్ల దాకా పన్ను 15 శాతం. సూపర్ అని పింఛను కింద యజమాని కట్టే సొమ్ము ఒకటుంటుంది. దేశం విడిచాక తీసుకోవచ్చు గానీ అందులో 65 శాతం పన్నుకే పోతుంది. దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

వీటన్నిటి మీద నా అంచనా చెబుతున్నా. ఒళ్ళు దాచుకోకుండా చేస్తే గాజులు విడిపించుకోవచ్చు. గుంటల అప్పు ఒక్క సీజన్‌తో తీరదు. తీరుస్తానని నాయనకు మాటివ్వకండి.

పని ఎలా ఉంటుందో కూడా తెలుసుకుని వెళ్ళండి. ఫ్రంట్ ఆఫీసులో నిలబడ్డ కాళ్ళకు ఇది కొత్త. అతిథులు మారే రోజున ఉదయం పదింటికి పాతవాళ్ళు ఖాళీ చేస్తారు, మధ్యాహ్నం రెండు మూడింటికల్లా కొత్తవాళ్ళు దిగుతారు. గదులన్నీ ఆ మధ్యలోనే తేలాలి. డూనా అని మందపాటి రజాయి ఉంటుంది. ఉతికిన కవరును తిరగేసి, లోపలికి మోచేతుల దాకా చేతులు దూర్చి, రజాయి రెండు మూలలూ పట్టుకుని ఒక్కసారి విదిలించి తొడగాలి. చేయి తిరిగినవాళ్ళకు క్షణంలో పని. కొత్తవాళ్ళు ఆ కవరులో తలదూర్చి కొట్టుకుంటారు. బూట్ల నుంచి కరిగిన నీళ్ళు కార్పెట్ మీద, బాత్‌రూమ్ నేలంతా జుట్టు, వంటింట్లో జిడ్డు. మీ హోటల్లో హౌస్‌కీపింగ్ వాళ్ళతో మాట్లాడి, సెలవు రోజుల్లో కొన్నాళ్ళు వాళ్ళ వెంట తిరగండి. నడుము వంచకుండా మోకాళ్ళ మీద కూర్చుని పరుపు అంచు ఎత్తడం వాళ్ళే నేర్పుతారు. రోజూ మెట్లెక్కండి, గుంజీళ్ళు తీయండి. హిమోగ్లోబిన్ పరీక్ష ఇప్పుడే చేయించుకోండి, తక్కువుంటే సరిచేసుకోవడానికి టైం పడుతుంది.

చలి గురించి మీరు భయపడుతున్నంత లేదు. మే నెలలో 45 డిగ్రీలు చూసిన ఒళ్ళు రాత్రిపూట సున్నా కిందికి దిగే చోట మొదటి వారం వణుకుతుంది, తర్వాత అలవాటు పడుతుంది. మీ పని ఎక్కువగా లోపలే, అక్కడ హీటర్లుంటాయి. ఇబ్బందల్లా చెమట పట్టి బయటికి రావడంతోనే. అందుకే ఒంటిని అంటుకునే బట్ట నూలుది వద్దు. అది తడిని పీల్చుకుని చల్లబడి ఒంటికి అతుక్కుంటుంది. ఉన్నిదో సింథటిక్‌దో థర్మల్ లోపల, దాని మీద ఫ్లీస్, పైన నీళ్ళు దిగని జాకెట్. థర్మల్స్ రెండు జతలు ఇక్కడ కొనుక్కోండి. మిగతావి అక్కడ ఆప్ షాపులని వాడిన బట్టలమ్మే దుకాణాల్లో చవగ్గా దొరుకుతాయి. డబ్బు పెట్టాల్సింది బూట్ల మీద, అడుగున పట్టు ఉండాలి. గడ్డకట్టిన కాలిబాట మీద జారి మణికట్టు విరిగితే సీజన్ అయిపోయినట్టే. వేళ్ళు కొంకర్లు పోతే నేరుగా హీటరు మీద పెట్టకండి, వాచి దురదలు పుడతాయి. చలికాలమే కదా అని సన్‌స్క్రీన్ మానొద్దు, మంచు మీద పడి ఎగిరే ఎండ మొహాన్ని మాడ్చేస్తుంది.

సెలవు రోజున స్కీ నేర్చుకోవాలనిపిస్తుంది, తప్పకుండా నేర్చుకోండి. కాకపోతే పనిలో తగిలిన దెబ్బకు యజమాని బీమా ఉంటుంది, సరదాకు జారి పడితే ఉండదు. మీ వీసాకు అక్కడి ప్రభుత్వ వైద్యం, మెడికేర్, వర్తించదు. బీమా కాగితంలో మంచు క్రీడలు కలిపినట్టు రాసి ఉందో లేదో చూసి మరీ కొనండి.

తిండి సంగతి పొట్టిగా. చిన్న రైస్ కుక్కర్ అక్కడే కొనుక్కోండి. పచ్చళ్ళు, పొడులు ఏం తీసుకెళ్ళినా విమానాశ్రయం కార్డులో రాసి చూపించాలి, దాస్తే జరిమానా. పాలతో చేసినవాటి దగ్గర మరీ పట్టింపు. మీ పిన్ని ఎంత బతిమాలినా మలైకాజా పెట్టె వద్దు. గదిలో తోడుండేవాళ్ళు వేరే దేశాల పిల్లలు కావచ్చు, తాగుతారు, రాత్రిళ్ళు గోల చేస్తారు, ఫ్రిజ్‌లో మీకు అలవాటు లేని మాంసం ఉంటుంది. మొదటి రోజే నవ్వుతూ మీ హద్దు చెప్పేయండి.

మీరు వెళ్ళేది థ్రెడ్‌బో, పెరిషర్ స్కీ రిసార్టుల వైపయితే దగ్గర్లో పెద్ద ఊరు జిండబైన్. పాత జిండబైన్ 1960లలో డ్యామ్ కింద మునిగిపోయింది, జనాన్ని పైకి తరలించి కొత్త ఊరు కట్టారు. సోమశిల ముంపు కథలు విని పెరిగిన నెల్లూరు పెద్దాయనకు ఆ ఊరు అంత పరాయిగా అనిపించదు. ఆ మాటా చెప్పండి.

నాయనతో మాట్లాడటానికి రాత్రి వద్దు. గుంటల్లో ఆక్సిజన్ పడిపోతుందేమో అన్న దిగులు, ఏరియేటర్ల మీద చెవి, ఆ టైములో ఏ మాటా ఎక్కదు. పొద్దున మేత వేసి వచ్చి టిఫిన్ చేశాక కూర్చోండి. పని పేరు మొదటి వాక్యంలోనే రావాలి. గాజుల సంగతి కూడా ఆ పూటే, మీ నోటితోనే. 'నేనే అడిగాను, అమ్మ కాదనలేకపోయింది' అనండి. ఆయన కోప్పడతాడు. లేచి వెళ్ళిపోవచ్చు కూడా. వెంటపడకండి, మెయిల్ తెలుగులో రాసిన కాపీ ఒకటి బల్ల మీద ఉంచండి. వీలైతే మేనత్తను పిలిపించండి. ఆమె వద్దంటుందని మీరే అనుకుంటున్నారు, అడిగి చూశారా? ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదో ఆమెకు తెలిసినంత మీకూ నాకూ తెలియదు. వెళ్ళాక ఫోను వేళ ఖాయం చేసుకోండి. ఇక్కడ మధ్యాహ్నం మూడయితే అక్కడ రాత్రి ఏడున్నర, మీరు పని నుంచి వచ్చి ఉంటారు, ఆయన మధ్యాహ్నం కునుకు తీసి లేస్తాడు.

అన్న మాటకు జవాబు అక్కర్లేదు. అప్పు కట్టే వాళ్ళెవరో తేలాక ఆ మాటలు వాటంతటవే తగ్గుతాయి.

చివరిది సంబంధం. అంత పొడవు ఉత్తరంలో దాని గురించి ఒకటే వాక్యం రాశారు. అబ్బాయి ఏం చేస్తాడో లేదు, మీకు నచ్చాడో లేదో లేదు. నచ్చితే ఆ ఇంటివాళ్ళకు కూడా పని పేరుతో సహా నిజం చెప్పి, కార్తీకంలో ముహూర్తం పెట్టుకుందామనండి. సీజన్ అప్పటికి అయిపోతుంది, నాలుగు నెలలు ఆగలేనివాళ్ళైతే అదీ ఇప్పుడే తెలియడం మంచిది. నచ్చకపోతే మాత్రం వీసాను అడ్డం పెట్టుకోకండి, తిరిగొచ్చేసరికి ఆ సంబంధం అక్కడే ఉంటుంది. నచ్చలేదనే చెప్పండి. కాకపోతే నాయనతో ఆ మాట ఇదే రోజు కాదు. పని సంగతి ఆయనకు కాస్త జీర్ణం కానిచ్చి, వారం ఆగి చెప్పండి.