అమెరికాలో స్టేట్ వర్క్‌ఫోర్స్ బోర్డుల వల్ల నిజంగా ఉపయోగం ఉందా?

ఉంది. ఉద్యోగం లేనివాళ్లకి శిక్షణ ఇప్పించి పని దొరికేలా చూసే ప్రభుత్వ వ్యవస్థకు రాష్ట్ర స్థాయిలో దారి చూపేది ఈ బోర్డులే. కానీ వాళ్ల చేతికి వచ్చే లెక్కలోనే లోపం ఉంది.

లేఆఫ్ అయ్యాక నేను, ఆ వ్యవస్థలో భాగంగా ఉద్యోగార్థులకు సాయం చేసే అమెరికన్ జాబ్ సెంటర్‌కి వెళ్లాను. ఒక జాబితా చూపించి, ఇందులో ఉన్న కోర్సులకే ఫీజు కడతామన్నారు. మెడికల్ కోడింగ్ (జబ్బు, చికిత్స వివరాలను బిల్లుల కోసం కోడ్లుగా మార్చే పని) ఎంచుకున్నాను. సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగం రాలేదు. ఎక్కడికెళ్లినా అనుభవం ఉందా అనే ప్రశ్నే. ఇల్లు గడవాలి కాబట్టి ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ పనికి చేరాను. కొన్నాళ్లకు సెంటర్ నుంచి ఫోన్. పని చేస్తున్నారా అని అడిగారు, చేస్తున్నానన్నాను. కంగ్రాట్స్ చెప్పి పెట్టేశారు. ఏం పని, చదివిన కోర్సు పనికొచ్చిందా అని ఒక్క మాట అడగలేదు. (అడిగిన వివరాలే మూడు ఫారాల్లో నింపించుకునేవాళ్లకి ఈ ఒక్క ప్రశ్న బరువైందా?)

కారణం తర్వాత తెలిసింది. ఈ శిక్షణలకు డబ్బు, నియమాలు ఇచ్చే 2014 నాటి ఫెడరల్ చట్టం వియోవా (WIOA) ప్రకారం, ప్రోగ్రామ్ నుంచి బయటికొచ్చాక రెండో, నాలుగో త్రైమాసికాల్లో ఉద్యోగం ఉందా లేదా అని చూస్తారు. జీతం కూడా చూస్తారు గానీ, అందరిదీ కలిపి తీసిన మధ్యస్థ అంకె అది. చదివిన రంగంలోనే పని దొరికిందా అనేది ఆ చట్టం పెట్టిన ప్రధాన కొలమానాల్లో లేదు. అంటే బోర్డుకి వెళ్లే రిపోర్టులో నాది విజయగాథ!

బోర్డు సభ్యుల్లో ఎక్కువమందిని నియమించేది గవర్నర్. సగానికి పైగా వ్యాపారవర్గం వాళ్లుండాలి, కార్మికుల తరఫున కనీసం 20 శాతం. శిక్షణ తీసుకున్నవాళ్లకంటూ ఒక్క సీటు కూడా చట్టంలో లేదు. నా దృష్టిలో పెద్ద అన్యాయం ఇదే.

బోర్డు మీటింగులకు ఎవరైనా వెళ్లొచ్చు. నేనూ వెళ్లి, నాకిచ్చిన కాస్త సమయంలో ఇదంతా చెప్పాను. ఆసుపత్రుల తరఫున వచ్చిన సభ్యురాలు వెంటనే, "కోడింగ్‌కి మేం ఫ్రెషర్లను దాదాపు తీసుకోం" అన్నారు. ఆ సంగతి తెలిసిన మనిషి ఆ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నారు, కోర్సు మాత్రం జాబితాలో ఉంది. నాకు కోపం ఆగలేదు.

రాష్ట్రాలు కావాలంటే అదనపు కొలమానాలు పెట్టుకోవచ్చని అదే చట్టం చెబుతోంది. రాష్ట్ర ప్రణాళిక నాలుగేళ్లది, రెండేళ్లకోసారి సవరిస్తారు, ముసాయిదా మీద ప్రజల అభిప్రాయాలు తీసుకుంటారు. మీ రాష్ట్రం ముసాయిదా వచ్చినప్పుడు, శిక్షణకు తగ్గ ఉద్యోగం వచ్చిందా లేదా అన్నది కూడా లెక్కలో చేర్చమని రాయండి. నేను రాశాను, మళ్లీ రాస్తాను.