టర్కీ పిల్ల పసుపు రెట్ట వేస్తోంటే ఏం చేయాలి?

రెక్కలు వాల్చి, మేత ముట్టకుండా, గంధకం రంగు రెట్ట వేస్తోందంటే ముందుగా అనుమానించాల్సింది బ్లాక్‌హెడ్ అనే జబ్బును. తల నల్లబడలేదని ఆగకండి, చాలా పక్షుల్లో నల్లబడదు. ఈ జబ్బు తెచ్చే హిస్టోమోనాస్ అనే ఏకకణ జీవి పేగునూ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. కాలేయం మీద గుండ్రటి పల్లపు మచ్చలు పడతాయి.

మందు విషయమే కష్టం. అమెరికాలో అనుమతి ఉన్న చివరి మందు నిటార్సోన్ 2015తో ఆగిపోయింది. మెట్రోనిడజోల్ పనిచేస్తుంది గానీ, మాంసం, గుడ్ల కోసం పెంచే పక్షులకు అక్కడ నిషేధం. కాబట్టి సొంతంగా వేయకండి, ఈరోజే పశువైద్యుడికి చూపించండి. జబ్బు పిల్లను విడిగా, వెచ్చగా ఉంచండి.

ఫెన్‌బెండజోల్ అనే నులిపురుగుల మందు ఈ జీవిని చంపదు, దాన్ని మోసుకొచ్చే పేగు పురుగును చంపుతుంది. ఆ పురుగు గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. కోళ్లు పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే వాటిని మోస్తాయి. దయచేసి కోళ్లు తిరిగిన నేలలో టర్కీలను వదలకండి.