పోలండ్‌లో కవరు జీతం: సంతకం పెట్టేముందు చూసుకోవాల్సినవి

"కాగితం మీద సగం డ్యూటీ రాస్తా, మిగతాది కవర్లో ఇస్తా అంటున్నాడు ఓనరు. ఒప్పుకోవచ్చా?" వార్సాలోనో వ్రోత్స్వావ్‌లోనో కొత్తగా దిగినవాళ్లకు మొదటి నెలలోనే వచ్చే సందేహమిది. అక్కడ దీన్ని 'పొద్ స్తోవెం' అంటారు, అంటే బల్లకింద.

ముందు లెక్క చూడండి. 2025లో కనీస జీతం నెలకు 4,666 జ్లోటీలు ఉండేది. కోతలన్నీ పోను చేతికొచ్చేది సుమారు 3,511. ఓనరుకు పైన తన వాటా కలిపి 5,621 దాకా పడేది. కాగితం మీద అందులో సగం, అంటే 2,333 రాస్తే మిగిలేది ప్రధానంగా అతనికే. మీరు జ్వరంతో పడుకుంటే సిక్ పే వచ్చేది ఆ 2,333లోంచి సోషల్ సెక్యూరిటీ కోత పోగా మిగిలేదానిలో 80 శాతమే. అంతకంటే పెద్ద చిక్కు వర్క్ పర్మిట్‌ది. పర్మిట్‌లో ఫుల్ టైమ్ అని ఉండి సగమే చూపిస్తే అది అక్రమ పనిగా లెక్కకొస్తుంది. రెసిడెన్స్ కార్డు పొడిగించుకోబోతే అధికారులు చూసేది కాగితం మీది ఆదాయాన్నే, కవర్లో డబ్బును కాదు.

డెలివరీ పనిలో ఇంకో తిరకాసు ఉంది. యాప్‌కీ మీకూ మధ్య ఉండే ఫ్లీట్ పార్ట్‌నర్ రెండు కాగితాలు ముందు పెడతాడు. ఒకటి చిన్న మొత్తానికి 'జ్లెట్సేన్యె' కాంట్రాక్టు, అంటే పర్మనెంట్ ఉద్యోగం కాకుండా పని అప్పగించే ఒప్పందం. రెండోది మీ బైకును మీరే అతనికి అద్దెకిచ్చినట్టు! వారం సంపాదనలో ఎక్కువ భాగం ఆ అద్దె పేరుతోనే వస్తుంది. దానిమీద 8.5 శాతం పన్ను కట్టాల్సింది మీరే. పిట్-28 రిటర్న్ ఏప్రిల్ 30లోగా వెయ్యాలి. ఈ మాట ఎవరూ చెప్పరు. 26 ఏళ్లలోపు స్టూడెంటుకైతే ఈ అద్దె కాగితం శుద్ధ దండగ: జ్లెట్సేన్యె మీద ఏడాదికి 85,528 దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, సోషల్ సెక్యూరిటీ కోత కూడా లేదు. అయితే ఆ కాంట్రాక్టుతో హెల్త్ ఇన్సూరెన్స్ రాదు, విడిగా తీసుకోవాలి.

ఓనరు మీ పేరును 'జుస్' అనే సోషల్ సెక్యూరిటీ సంస్థలో 7 రోజుల్లోగా నమోదు చెయ్యాలి (26 లోపు స్టూడెంట్ల జ్లెట్సేన్యెకు ఇది వర్తించదు). అతని మాట నమ్మి కూర్చోకండి. బ్యాంకు ద్వారా ట్రస్టెడ్ ప్రొఫైల్ (ప్రభుత్వ వెబ్‌సైట్లలో లాగిన్ అయ్యే ఆన్‌లైన్ గుర్తింపు) తెరిచి, జుస్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి, కంపెనీ పేరు, నమోదు తేదీ, ఏ నెలకు ఎంత జీతం చూపారో చదవండి. వర్క్ పర్మిట్ మీద చేరేవాళ్ల విషయంలో 2025 జూన్ 1 నుంచి పని మొదలవకముందే కాంట్రాక్టు కాపీని ఓనరే ఆన్‌లైన్‌లో పెట్టాలి. అక్రమంగా పని చేయిస్తే ఓనరుకు జరిమానా 3,000 నుంచి 50,000 జ్లోటీల దాకా. అలా అక్రమంగా పనిచేసిన విదేశీయుడికీ కనీసం 1,000 పడుతుంది.

ఇప్పటికే కవరు తీసుకుంటున్నారా? 2022 నుంచి ఆ మొత్తంమీద పన్ను ఓనరు నెత్తినే పడుతుంది, పనివాడి మీద కాదు. కాబట్టి పన్ను భయంతో నోరు మూసుకోనక్కర్లేదు. పనిగంటలు రోజూ తేదీతో రాసిపెట్టండి, షిఫ్ట్ మెసేజ్‌లు చెరపకండి. లేబర్ ఇన్‌స్పెక్టరేట్ 'పీప్'కు ఫిర్యాదు ఉచితం. మీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, ఫిర్యాదు వచ్చిందన్న సంగతే ఓనరుకు చెప్పరు. వీసా గడువు దాటిపోయి ఉంటే మాత్రం ముందు లాయరునో, వలసదారులకు ఉచిత న్యాయ సలహా ఇచ్చే సంస్థనో కలవండి. ఇన్‌స్పెక్టరుకు తెలిసింది బోర్డర్ గార్డ్‌కూ చేరుతుంది.